పుట్టింది ఒక దేశం, ఆడేది మరో దేశం: జెర్సీ మారే ముందు తేల్చుకోవాల్సిన పనులు

విజయవాడలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన తేజ నిడమనూరు 2019లో నెదర్లాండ్స్‌కు మకాం మార్చాడు. 2022లో ఆ దేశం తరఫున తొలి వన్డే ఆడాడు. 2023 ప్రపంచకప్‌కు నారింజ రంగు జెర్సీలోనే భారత్ వచ్చాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఫుట్‌బాలర్ రయాన్ విలియమ్స్ సంగతి వేరు. 2025లో అతనికి భారత పౌరసత్వం వచ్చింది. అయినా ఆ నవంబరులో బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌కు జట్టుతో ఢాకా దాకా వెళ్లి కూడా బరిలోకి దిగలేకపోయాడు. ఆస్ట్రేలియా సమాఖ్య నుంచి, ఫిఫా నుంచి రావాల్సిన అనుమతులు అప్పటికి అందలేదు. ఒకరికి మూడేళ్ల నివాసమే సరిపోయింది, ఇంకొకరికి పాస్‌పోర్ట్ కూడా సరిపోలేదు.

మరో దేశానికి ఆడాలంటే మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు ఉండాలి. చేతిలో ఏ పాస్‌పోర్ట్ ఉంది? ఎక్కడ ఎన్నాళ్లు నివసించారు? ఇప్పటిదాకా ఏ దేశం తరఫున ఏ స్థాయిలో ఆడారు? మన ఇళ్లలో చర్చంతా మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దరఖాస్తు అడ్డం తిరిగేది మాత్రం ఎక్కువగా మూడోదాని దగ్గర. కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు మ్యాచ్‌ల చిట్టా

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి దేశం తరఫున ఆడిన ప్రతి మ్యాచ్‌నూ రాయండి. తేదీ, టోర్నీ పేరు, వయో విభాగం, అధికారిక పోటీయా స్నేహపూర్వక మ్యాచా, నిజంగా మైదానంలో దిగారా లేక బెంచీ మీదే ఉన్నారా అన్నవి వరుసగా ఉండాలి. చివరి గడిలో, ఆ రోజున మీకు ఏయే పౌరసత్వాలు ఉన్నాయో రాయండి. ఈ గడిని చాలామంది వదిలేస్తారు. ఫుట్‌బాల్‌లో దరఖాస్తు భవిష్యత్తు తేలేది దీని మీదే.

ఫిఫా నిబంధనల్లో స్నేహపూర్వక మ్యాచ్ ఆటగాడిని ఒక దేశానికి కట్టేయదు. డియెగో కోస్టా 2013లో బ్రెజిల్ తరఫున రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి, ఆ తర్వాత స్పెయిన్‌కు మారి 2014 ప్రపంచకప్ ఆడాడు. అధికారిక పోటీలో సీనియర్ జట్టుకు దిగితే మాత్రం నిన్నమొన్నటి దాకా తలుపు మూసుకుపోయినట్టే. మునిర్ ఎల్ హద్దాది 2014 సెప్టెంబరులో మాసిడోనియా మీద స్పెయిన్ తరఫున ఆడింది 13 నిమిషాలు. అది యూరో అర్హత మ్యాచ్ కావడంతో మొరాకోకు మారతానన్న అతని అభ్యర్థనను 2018లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తోసిపుచ్చింది. 2020 సెప్టెంబరులో ఫిఫా నిబంధన సడలించాకే, 2021లో అతను మొరాకోకు ఆడగలిగాడు.

ఆ సడలింపు అందరికీ వర్తించదు. సీనియర్ స్థాయిలో మూడు మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు, ఈ లెక్కలో స్నేహపూర్వక మ్యాచ్‌లూ కలుస్తాయి. ఆఖరి మ్యాచ్ నాటికి 21 ఏళ్లు నిండకూడదు. ఆ మ్యాచ్ జరిగి మూడేళ్లు గడవాలి. ప్రపంచకప్ ప్రధాన టోర్నీలో గానీ ఖండస్థాయి ప్రధాన టోర్నీలో గానీ ఆడి ఉండకూడదు. వీటికి తోడు, పాత దేశానికి తొలి అధికారిక మ్యాచ్ ఆడిన రోజుకే కొత్త దేశపు పౌరసత్వం ఉండి ఉండాలి. అండర్-17, అండర్-20 స్థాయిలోనే ఆగినవారికి కొంత వెసులుబాటు ఉంది. ఆ రోజున కొత్త పౌరసత్వం లేకపోయినా, 21 ఏళ్లు నిండాక పాత దేశానికి దిగకుండా ఉంటే, పుట్టుక ద్వారానో, తల్లిదండ్రులు, తాతల ద్వారానో, నివాసం ద్వారానో కొత్త దేశంతో సంబంధం చూపించి మారవచ్చు. అంటే 20 ఏళ్ల వయసులో వచ్చిన పిలుపుకీ 21 దాటాక వచ్చిన పిలుపుకీ చాలా తేడా ఉంది. రెండో దేశం మీద ఆశ ఉన్నవారు 21వ పుట్టినరోజు తర్వాత ఏ వయో విభాగంలోనూ అధికారిక మ్యాచ్‌కు ఆలోచించకుండా తలూపకూడదు.

ఇంకో చిక్కు ఉంది. మార్పు దరఖాస్తు పెట్టాక అది తేలేదాకా ఏ దేశపు జట్టుకూ ఆడకూడదు. సీజన్ మధ్యలో పెడితే ఇటూ అటూ కాకుండా పోతారు. జాతీయ జట్లకు మ్యాచ్‌లు లేని నెలల్లో పెట్టడం మేలు.

అథ్లెటిక్స్, ఒలింపిక్స్

అథ్లెటిక్స్‌లో మార్పులు మితిమీరాయని 2017 ఫిబ్రవరిలో ప్రపంచ సమాఖ్య వాటిని పూర్తిగా ఆపేసి, 2018లో కొత్త నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు మారాలంటే కనీసం 20 ఏళ్లు నిండాలి. సాధారణంగా మూడేళ్లు ఆగాలి. మారే అవకాశం ఒక్కసారే. కొత్త దేశం ఆటగాడికి పౌరుడిగా పూర్తి హక్కులు ఇస్తోందా, ఉత్త పాస్‌పోర్ట్ చేతిలో పెట్టి సరిపెడుతోందా అన్నది ఒక సమీక్షా బృందం పరిశీలిస్తుంది. అందుకని ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, పన్ను పత్రాలు ఆ దేశానివి ఉండాలి. శిక్షణంతా పాత దేశంలోనే సాగిస్తూ పోటీల ముందు మాత్రం కొత్త దేశంలో దిగేవారి దరఖాస్తు బలహీనపడుతుంది. డైమండ్ లీగ్ లాంటి ఆహ్వాన పోటీల్లో వ్యక్తిగతంగా పరుగెత్తినవి దేశ ప్రాతినిధ్యం కిందికి రావు, మూడేళ్ల లెక్క వాటి నుంచి మొదలవదు.

ఒలింపిక్స్ గేటు వేరుగా ఉంటుంది. కెన్యాలో పుట్టిన విల్సన్ కిప్కెటర్ 1995 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డెన్మార్క్ తరఫున 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాది అట్లాంటాలో పరుగెత్తనే లేదు, డెన్మార్క్ పౌరసత్వం అప్పటికి రాలేదు. ఒలింపిక్ చార్టర్ 41వ నిబంధన ప్రకారం ఏ దేశం తరఫున ఆడతారో ఆ దేశ పౌరుడై తీరాలి. రెండు పౌరసత్వాలుంటే ఒకటి ఎంచుకోవచ్చు. అయితే ఒక దేశం తరఫున ఒలింపిక్స్‌లోనో, ఆసియా క్రీడల లాంటి ఖండస్థాయి క్రీడల్లోనో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనో ఆడాక మరో దేశానికి మారితే చివరి పోటీ నుంచి మూడేళ్లు ఆగాలి. సంబంధిత జాతీయ ఒలింపిక్ కమిటీలు, ఆ క్రీడ అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకుంటే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ గడువు తగ్గించవచ్చు, ఎత్తేయనూ వచ్చు.

పాత దేశం ఒప్పుకోకపోతే? స్టీఫెన్ చెరోనో 2003లో కెన్యా నుంచి ఖతార్‌కు మారి, సయీఫ్ సయీద్ షహీన్ పేరుతో ఆ ఏడాదే పారిస్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2004 ఏథెన్స్‌కు కెన్యా అనుమతి ఇవ్వలేదు. ఆ ఏడాది అతనే ప్రపంచ రికార్డు నెలకొల్పాడు, ఒలింపిక్స్ మాత్రం ఇంట్లో కూర్చుని చూడాల్సి వచ్చింది. కాబట్టి పాత సమాఖ్యతో తగవు పెట్టుకుని బయటికి రావద్దు. పత్రికలకు చెప్పేముందు వాళ్లకు ఉత్తరం రాయండి. అనుమతి ఫోన్‌లో మాటగా కాకుండా తేదీ, సంతకం, లెటర్‌హెడ్ ఉన్న కాగితంగా తీసుకోండి. కార్యవర్గం మారితే మాటకు విలువ ఉండదు.

క్రికెట్: సులువుగా కనిపించేది, లాస్ ఏంజిలిస్‌లో తిరగబడేది

ఐసీసీ అర్హతకు మూడింటిలో ఒకటి చాలు: ఆ దేశంలో పుట్టడం, ఆ దేశపు పాస్‌పోర్ట్, లేదా వెంటనే ముందున్న మూడేళ్లు అక్కడే నివాసం. పూర్తి సభ్య దేశానికి (టెస్టు హోదా ఉన్నదానికి) ఆడినవారు వేరే దేశానికి మారితే ఆఖరి మ్యాచ్ నుంచి మూడేళ్లు ఆగాలి. న్యూజిలాండ్‌కు ఆడిన కోరీ అండర్సన్ 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికాకు ఆడింది ఆ గడువు దాటాకే. అసోసియేట్ దేశం (ఆ హోదా లేని సభ్య దేశం) నుంచి పూర్తి సభ్య దేశానికి వెళ్లడం తేలిక. ఇయాన్ మోర్గన్ 2009లో ఐర్లాండ్ నుంచి ఇంగ్లండ్‌కు మారినప్పుడు ఏళ్ల తరబడి ఆగాల్సిన పని పడలేదు.

భారత్ తరఫున అండర్-19 ఆడటం వేరే దేశపు సీనియర్ జట్టుకు అడ్డం కాదు. సౌరభ్ నేత్రవల్కర్ 2010 అండర్-19 ప్రపంచకప్ భారత్‌కు ఆడి, 2015లో చదువుకు అమెరికా వెళ్లి, తర్వాత ఆ దేశపు జట్టులోకి వచ్చాడు. అయితే అర్హత రావడం, జట్టులో చోటు రావడం రెండూ ఒకటి కావు. 2012లో భారత్‌ను అండర్-19 ప్రపంచ విజేతగా నిలిపిన కెప్టెన్ ఉన్ముక్త్ చంద్ 2021లో ఇక్కడి క్రికెట్‌కు వీడ్కోలు చెప్పి అమెరికా వెళ్లాడు. 2024లో సొంతగడ్డ మీద జరిగిన ప్రపంచకప్‌కు అమెరికా ప్రకటించిన జట్టులో అతని పేరు లేదు. మూడేళ్లు పెట్టుబడి పెట్టేముందు, ఆ జట్టులో మీ స్థానంలో ఇప్పుడు ఎవరున్నారు, వారి వయసెంత అన్నదీ చూసుకోండి.

అమెరికాలో పుట్టిన మన పిల్లలకు ఈ గొడవేమీ లేదు. న్యూజెర్సీలో పుట్టిన సాయితేజ ముక్కామల అమెరికా సీనియర్ జట్టుకు ఆడుతున్నాడు. 2023లో జరిగిన తొలి అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో అమెరికా కెప్టెన్ గీతిక కొడాలి. చిక్కంతా హెచ్-1బీ మీద వెళ్లి వారాంతాల్లో లీగ్ ఆడుతూ మూడేళ్లు నింపుకున్నవారిది. ఐసీసీ లెక్కలో వారు అమెరికాకు ఆడవచ్చు. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది, పురుషులకూ మహిళలకూ ఆరేసి జట్లు. అక్కడ పనిచేసేది చార్టర్ 41వ నిబంధన. పౌరసత్వం లేకపోతే, రోజూ జట్టులో ఆడుతున్నవారైనా ఆ జాబితాలో ఉండలేరు.

తేదీల లెక్క వేసి చూడండి. గ్రీన్‌కార్డ్ వచ్చాక మామూలు దారిలో ఐదేళ్లకు, అమెరికా పౌరుల భార్య లేదా భర్తగా మూడేళ్లకు పౌరసత్వం వస్తుంది. దరఖాస్తు 90 రోజుల ముందే పెట్టవచ్చు. 2023 జూలై నాటికి గ్రీన్‌కార్డ్ చేతికి రానివారికి ఐదేళ్ల దారిలో 2028 జూలై ఒలింపిక్స్ అందవు. ఉన్నవారూ రెండు విషయాల్లో జాగ్రత్తపడాలి. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీదే ఉండాలి. ఒకే విడతలో ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాసం తెగిపోలేదని మీరే రుజువు చేసుకోవాలి. ఏడాది దాటితే లెక్క తెగిపోయినట్టే. ఆఫ్ సీజన్‌లో హైదరాబాద్ వచ్చి లీగులాడుతూ అక్కడే ఉండిపోయేవారు దెబ్బతినేది ఇక్కడే. భారత్‌లో పుట్టినవారికి ఉద్యోగం ఆధారంగా గ్రీన్‌కార్డ్ వరుస ఎంత పొడుగో చెప్పనక్కర్లేదు. దేశస్థాయి ఆటగాళ్లు అసాధారణ ప్రతిభ కింద ఇచ్చే ఈబీ-1ఏ కోటాను న్యాయవాదితో కలిసి పరిశీలించాలి. దానికి స్కోర్‌కార్డులు, ఎంపిక లేఖలు, పత్రికా కథనాలు మొదటి రోజు నుంచీ దాచుకోవాలి.

చదరంగం దారి వేరు, అక్కడ మార్పు చాలావరకు రుసుముల వ్యవహారం. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడేకు బదిలీ రుసుము కట్టాలి, రెండేళ్లు ఆగకుండా మారాలంటే పాత సమాఖ్యకు పరిహారం కూడా కట్టాలి. ఆటగాడి హోదా పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది కాబట్టి అమెరికాలో స్థిరపడిన కుటుంబం గ్రాండ్‌మాస్టర్ టైటిల్ దాకా ఆగడం దండగ. టేబుల్ టెన్నిస్‌లో వయసు పెరిగేకొద్దీ నిరీక్షణ పెరుగుతుంది. అక్కడా తొందరగా తేల్చుకోవడమే లాభం.

ఓసీఐ కార్డుతో భారత్‌కు ఆడవచ్చా?

ఆడకూడదు. ఓసీఐ అన్నది విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డే, పౌరసత్వం కాదు. 2008 డిసెంబరులో కేంద్ర క్రీడాశాఖ తెచ్చిన విధానం ప్రకారం భారత పాస్‌పోర్ట్ ఉన్నవారే దేశానికి ప్రాతినిధ్యం వహించాలి. అంతకుముందు లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన ప్రకాశ్ అమృత్‌రాజ్ లాంటివారు టెన్నిస్ డేవిస్ కప్‌లో భారత్‌కు ఆడారు. ఆ దారి అక్కడితో మూతపడింది. తాత గుంటూరులో పుట్టాడన్న సంబంధం ఒక్కటే ఫిఫాకూ చాలదు, పౌరసత్వం ఉండాల్సిందే.

మిగిలింది పౌరసత్వం తీసుకోవడం. పౌరసత్వ చట్టం సెక్షన్ 5 కింద రెండు దారులు ఎక్కువగా పనికొస్తాయి. తాను గానీ తల్లిదండ్రుల్లో ఒకరు గానీ ఒకప్పుడు స్వతంత్ర భారత పౌరులై ఉండటం ఒకటి, ఐదేళ్లుగా ఓసీఐ కార్డు ఉండటం రెండోది. రెండింటికీ దరఖాస్తుకు ముందు 12 నెలలు భారత్‌లో నివాసం ఉండాలి. ఆ 12 నెలల్లో మొత్తం మీద 30 రోజుల దాకా మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది, అదీ ప్రత్యేక పరిస్థితుల్లో, కారణాలు రాతలో పెట్టి. 18 నిండాలి. దరఖాస్తు హోంశాఖ పోర్టల్‌లో పెట్టాలి, విచారణ జిల్లా కలెక్టర్ కార్యాలయం మీదుగా నడుస్తుంది. ఏడాదిలో విదేశీ శిబిరాలు, టోర్నీలు పెట్టుకుంటే 12 నెలల లెక్క చెడుతుంది. ఆ ఏడాది పోటీల క్యాలెండర్‌ను ముందే కుదించుకోవాలి.

విదేశీ పౌరసత్వాన్ని తొందరపడి ముందే వదులుకోవద్దు. దరఖాస్తు అంగీకరించామని హోంశాఖ లేఖ పంపి, వదులుకున్నట్టు రుజువు అడిగినప్పుడే ఆ పని చేయాలి. లేదంటే మధ్యలో ఏ దేశమూ మీది కాని స్థితి వస్తుంది. అమెరికా పౌరసత్వమైతే ఆ దేశం బయట, కాన్సులర్ అధికారి ముందు స్వయంగా హాజరై వదులుకోవాలి. వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. ఆ తర్వాత అమెరికాలో ఉన్న అమ్మానాన్నలను చూడటానికీ వీసా కావాలి, కాలేజీ చదువుకు విద్యార్థి వీసా కావాలి, చివరి పన్ను లెక్కలు అప్పజెప్పాలి. పెద్ద క్లబ్బుల్లో స్థిరపడి, జాతీయ కోచ్ నుంచి స్పష్టమైన ఆసక్తి కనిపించినవారికే ఈ త్యాగం లెక్కకు వస్తుంది. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి 2006 నుంచి ఇక్కడి క్లబ్బుల్లో ఆడి, 2012లో జపాన్ పౌరసత్వం వదులుకుని, 2013లో భారత్‌కు ఆడాడు. విలియమ్స్ కూడా 2023 నుంచి బెంగళూరులో విదేశీ కోటాలో ఆడాకే ఈ పని చేశాడు. 18 ఏళ్ల కుర్రాడు ట్రయల్స్ నమ్ముకుని పాస్‌పోర్ట్ వదులుకోవడం మాకు సబబుగా కనిపించదు.

ఎదురు దిశలో వెళ్లేవారికి సెక్షన్ 9 ఉంది. ఇష్టపూర్వకంగా విదేశీ పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాత పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ధ్రువపత్రం తీసుకోవాలి, దాని మీదే ఓసీఐ వస్తుంది. గడువు ఇంకా ఉంది కదా అని పాత పాస్‌పోర్ట్ మీద ప్రయాణిస్తే జరిమానా పడుతుంది. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం ఉంటే, రాజీనామా సంగతి కొత్త పౌరసత్వ ప్రమాణం చేసే తేదీకి ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

కాగితాల దగ్గర మనవాళ్లకు ఎదురయ్యేవి

ఇంటిపేరు మొదటి చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో చివర పూర్తిగా, జనన ధ్రువపత్రంలో అసలు లేకుండా ఉంటుంది. మూడూ ఒకరివేనని చెప్పే అఫిడవిట్ ముందే చేయించుకోండి. సమాఖ్యలో నమోదైన పేరును పాస్‌పోర్ట్‌కు అక్షరం పొల్లుపోకుండా సరిచేయించండి.

పుట్టినతేదీ రెండోది. బడిలో వేసిన తేదీ ఒకటి, అసలు తేదీ మరొకటి ఉన్నవారు తెలుగునాట కొల్లలు. వయో విభాగాల్లో ఒక తేదీతో ఆడి, పౌరసత్వానికి మరో తేదీ చూపిస్తే అది వయసు మోసం కేసుగా మారే ప్రమాదం ఉంది. తేడా ఉంటే జర్సీ మారే మాట ఎత్తకముందే సరిచేయించుకోవాలి.

తాతా నాయనమ్మల పుట్టుక రుజువు మూడోది. పల్లెల్లో పుట్టిన ఆ తరానికి జనన నమోదే లేకపోవచ్చు. పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి రికార్డు దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకుని, బడి రిజిస్టరు, పాత పాస్‌పోర్ట్, సర్వీసు పుస్తకం లాంటివి జతచేయాలి. ఆలస్యపు నమోదు చేయించాలంటే, 2023 సవరణ తర్వాత ఏడాది దాటినవాటికి జిల్లా మెజిస్ట్రేట్ లేదా సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మన వాడుకలో ఆర్డీఓ ఆఫీసు పని. విదేశంలో చూపే పత్రాలకు రాష్ట్ర ధ్రువీకరణ, ఆపైన విదేశాంగశాఖ అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) ఉండాలి. కెనడాకు 2024 జనవరి నుంచి అపోస్టిల్ చెల్లుతోంది. యూఏఈకి మాత్రం రాయబార కార్యాలయం ముద్ర వేరుగా వేయించాలి.

నివాస రుజువుకు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు నెలవారీగా దాచండి. చాలా విమానాశ్రయాల్లో పాస్‌పోర్ట్ మీద ముద్ర వేయడం మానేశారు కనుక బోర్డింగ్ పాసులు ఫొటో తీసి పెట్టుకోండి. దేశం దాటిన ప్రతి తేదీ, తిరిగొచ్చిన ప్రతి తేదీ ఒకే పట్టికలో ఉండాలి.

గడువు లెక్కించేటప్పుడు పెద్ద టోర్నీ తేదీ కాకుండా అర్హత పోటీ తేదీ నుంచి వెనక్కి రండి. ఒలింపిక్స్ అర్హత పోటీలు ఏడాది, రెండేళ్ల ముందే జరుగుతాయి, ఆ రోజుకే అన్నీ సిద్ధంగా ఉండాలి. దానికి ముందు సమాఖ్య పరిశీలనకు నెలలు, పాస్‌పోర్ట్‌కు వారాలు, ఆ వెనక మూడేళ్ల నిరీక్షణ.

డోపింగ్ పరీక్షల జాబితాలో ఉన్నవారికి ఇంకో పని మిగిలింది. మకాం మారే వారాల్లోనే, తాము ఎక్కడున్నదీ పరీక్షకులకు తెలిపే ఆడమ్స్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో చిరునామా నింపడం మరిచిపోతారు. 12 నెలల్లో మూడుసార్లు పరీక్షకు దొరక్కపోయినా, వివరాలు తప్పినా ఉల్లంఘనే, నిషేధం పడుతుంది. పాత దేశపు సంస్థ జాబితా నుంచి తీసేసినట్టు, కొత్త దేశపు సంస్థ చేర్చుకున్నట్టు రెండు లేఖలూ చేతికి వచ్చేదాకా ఆ వివరాలు నింపుతూనే ఉండండి. వైద్య అవసరానికి తీసుకున్న మందుల మినహాయింపు పత్రం ఉంటే, కొత్త సంస్థ, అంతర్జాతీయ సమాఖ్య దాన్ని గుర్తిస్తాయో లేదో తొలి పోటీకి ముందే రాతలో అడగండి.